హేస్టింగ్సు రణరంగము

పాఠశాలలో ఇంగ్లండు దేశచరిత్ర చదివినవారికి 1066 అను అంకె వినగానే రెండు విషయములు జ్ఞప్తికి వచ్చును. ఒకటి, హెరాల్డు రాజు కంటిలో గ్రుచ్చుకొనిన బాణము. రెండవది, నార్మండీ ప్రభువైన విలియము పొందిన విజయము. ఈ రెంటికిని నడుమ ఒక పగలంతయు సాగిన ఘోరసంగ్రామ మొకటి యున్నదనియు, సాయంకాలము వరకు జయ మెవరిదో తేలలేదనియు పాఠ్యపుస్తకములు సాధారణముగా చెప్పవు. గుఱ్ఱపుదళము గల నార్మనులు, కాలినడకను పోరాడు సాక్సనులను గెలిచిరని ఒక్క వాక్యముతో ముగించును. ఆ వాక్యము అబద్ధము కాదు. కాని దానిని నమ్మి యూరకున్నచో ఆ యుద్ధము మనకు బొత్తిగా అర్థము కాదు. ఆ కాలపు యుద్ధములు పెక్కులు గంట రెండు గంటలలో ముగిసెడివి. ఇదియో, ఉదయము తొమ్మిది గంటల ప్రాంతమున ఆరంభమై చీకటిపడువరకు జరిగెను. గుఱ్ఱములే గెలిపించినచో అంతసేపు ఏల పట్టెను?

కథను కొంచెము వెనుకనుండి చెప్పవలెను. 1066 జనవరి 5వ తేదీన ఎడ్వర్డు రాజు సంతానము లేకయే మరణించెను. మఱునాడే రాణి సోదరుడును, దేశములోని ప్రభువులందఱిలో బలవంతుడును అయిన హెరాల్డు గాడ్విన్‌సను కిరీటము ధరించెను. సముద్రమున కావలి యొడ్డున నున్న విలియము దీని నొప్పుకొనలేదు. రాజ్యమును తన కిత్తునని ఎడ్వర్డు మాట యిచ్చెననియు, హెరాల్డు సైతము పవిత్రావశేషములపై చేయి వైచి తనకు ప్రమాణము చేసెననియు అతని వాదము. ఆ ప్రమాణము ఇష్టపూర్వకమైనదో, పరదేశమున చిక్కినవాడు గత్యంతరము లేక చేసినదో, వినువారు యోచించుకొనవచ్చును. నార్మను రచయితలు మాత్రము హెరాల్డును ప్రమాణభంగము చేసినవానిగనే చిత్రించిరి. ఇది చాలదన్నట్లు నార్వే రాజు హరాల్డు హార్డ్రాడాయు ఆ సింహాసనమునే కోరెను. వానికి తోడైనవాడు హెరాల్డునకు స్వయముగా తోడబుట్టిన టోస్టిగు. 1065లో నార్తంబ్రియా ప్రజలు తిరుగబడి టోస్టిగును వెడలగొట్టినపుడు అన్న తనను కాపాడలేదని వాని పగ.

ఏప్రిలులో ఆకాశమున తోకచుక్క కనబడెను. నేడు మనము హేలీ తోకచుక్క యని పిలుచునది అదియే. జనులు భయపడిరి. ఆ సంవత్సరము హెరాల్డును దెబ్బతీసినది మాత్రము తోకచుక్క కాదు, బియ్యపు మూట వంటి మామూలు సంగతి. వేసవి యంతయు అతడు దక్షిణపు తీరమున సైన్యమును, ఓడలను నిలిపి విలియము కొఱకు ఎదురుచూచెను. విలియము రాలేదు. ఓడలు సిద్ధమయ్యెను గాని గాలి అనుకూలింపలేదు. సాక్సను సైన్యములో ఎక్కువమంది జీతముపై జీవించు సైనికులు కారు. పల్లెలనుండి వచ్చిన భూస్వాములు, రైతులు. 1086లో విలియము చేయించిన డూమ్స్‌డే భూమిలెక్కలలో బెర్కుషైరు పద్ధతి వ్రాసియున్నది: ఐదు హైడుల భూమికి ఒక భటుడు రావలెను, హైడునకు 4 షిల్లింగుల చొప్పున రెండు నెలల ఖర్చు వానికి ఇయ్యవలెను. హైడనగా ఒక కుటుంబము బ్రదుకుటకు చాలినంత నేల యని భావము. రెండు నెలలు ఎప్పుడో గడచెను, తిండి నిండుకొనెను, కోతలు కాచుకొని యున్నవి. సెప్టెంబరు 8వ తేదీన హెరాల్డు వారిని ఇండ్లకు పంపివేయవలసి వచ్చెను.

ఉత్తరమున నార్వే నావలు కనబడిన వార్త ఆ వెంటనే వచ్చెను. సెప్టెంబరు 20న యార్కు నగరము దగ్గఱ ఫుల్ఫర్డు వద్ద అక్కడి ప్రభువు లిద్దఱు ఓడిపోయిరి. హెరాల్డు లండనునుండి సుమారు 190 మైళ్లు పగలును రాత్రియు నడచి, 25వ తేదీన స్టాంఫర్డు బ్రిడ్జి వద్ద శత్రువుల మీద ఊహింపరాని విధముగా పడెను. హార్డ్రాడాయు టోస్టిగును హతులైరి. 300 ఓడలలో వచ్చినవారు 24 ఓడలలో తిరిగిపోయిరని నాటి వార్షికచరిత్ర చెప్పుచున్నది. ఇంతటి విజయమును పొందిన సేనాని పేరు మఱొక మూడు వారములు గడచునప్పటికి ఓడినవాని పేరుగా మాఱుట చరిత్రలో అరుదు.

మూడే మూడు దినముల తరువాత, సెప్టెంబరు 28న, విలియము పెవెన్సీ వద్ద కాలుమోపెను. గాలి మాఱుటయే తడవుగా సెయింట్ వాలెరీ రేవునుండి రాత్రివేళ బయలుదేఱి వచ్చెను. అతని ఓడలెన్ని యనుటలో రచయితలు ఎవరికి తోచినది వారు వ్రాసిరి. 696 అని తన తండ్రి చెప్పగా విన్నట్లు వేసు అను కవి నూఱేండ్ల తరువాత వ్రాసినాడు. ఓడల సంఖ్య యెట్లున్నను, వానిలో గుఱ్ఱములను గూడ నింపి సముద్రము దాటించుట సామాన్యకార్యము కాదు. నీరు, మేత, కట్టుకొయ్యలు, దించుటకు పలకలు, ఇన్నియు ఆలోచింపవలెను. విలియము ప్రజ్ఞ కత్తి దూయుటలో కంటె ఇట్టి ఏర్పాటులలో ఎక్కువగా కనబడునని నా అభిప్రాయము.

దిగిన పిమ్మట అతడు లండను వైపు పోలేదు. హేస్టింగ్సు వద్ద మట్టిదిబ్బ వేయించి కోట కట్టించుకొని, చుట్టుప్రక్కల గ్రామములను కాల్పసాగెను. అవి హెరాల్డు వంశపు సొంత భూములు. ఈ యుద్ధమును గూర్చిన అపూర్వ సాక్ష్యము బేయూ చిత్రపటము. 20 అంగుళముల వెడల్పు, దాదాపు 230 అడుగుల పొడవు గల నారబట్టపై రంగురంగుల ఉన్నిదారములతో కుట్టిన బొమ్మలకథ. అందులో సైనికులు ఒక ఇంటికి నిప్పు పెట్టుచుండగా ఒక స్త్రీ బిడ్డ చేయి పట్టుకొని బయటికి వచ్చుచున్నది. గెలిచినవారి వైపు మొగ్గిన ఆ పటములో ఆ బొమ్మ ఎట్లు చోటుచేసికొనెనో గాని, రాజుల కథ నడుమ ఆ తల్లిని చూచిన కన్ను త్వరగా మఱలదు.

విలియము కోరినదియు అదియే. తన ప్రజలు కాలిపోవుచుండగా హెరాల్డు చూచుచు కూర్చుండడని అతడు ఎఱుగును. ఉత్తరముననుండగా వార్త అందిన హెరాల్డు మరల లండనునకు వచ్చి, కొలది దినములు మాత్రమే ఆగి, దక్షిణమునకు కదలెను. ఆగియున్నచో ఇంకను సైన్యము చేరియుండెడిదని, నార్మనులు తిండిలేక మాడియుండెడివారని నేటి వ్యాఖ్యాతలు అతనిని తప్పుపట్టుదురు. సగము సైన్యము చేరకుండగనే అతడు పోరునకు దిగెనని వూస్టరు మఠమున చరిత్ర వ్రాసిన సన్న్యాసియు చెప్పెను. తొమ్మిది నెలల క్రితము కిరీటము పెట్టుకొనిన రాజు, తన సొంత జిల్లా తగులబడుచుండగా రాజధానిలో కూర్చుండిన, వానిని రాజని ఎందఱు పిలిచెదరు? అదిగాక స్టాంఫర్డు బ్రిడ్జి వద్ద ఫలించినది ఈ వేగమే. మొదటిసారి గెలిపించిన గుణమే రెండవసారి చెఱచినది. తొందరపాటు అని కొట్టివేయుట అన్యాయము.

అక్టోబరు 13వ తేదీ రాత్రికి సాక్సనులు హేస్టింగ్సునకు కొన్ని మైళ్ల దూరమున, ముదిసిన యాపిలు చెట్టు గుర్తుగా గల కొండ దగ్గఱ చేరిరి. ఆ రాత్రి వారు త్రాగి పాడుకొనిరనియు, నార్మనులు ప్రార్థనలు చేసికొనిరనియు ప్రసిద్ధమైన కథ యొకటి కలదు. అది గెలిచినవారి జాతివారు తరువాత వ్రాసినది. పగలంతయు నడచి వచ్చినవారు ఆ రాత్రి చేసిన పని నిద్రయే యని నమ్ముట మేలు.

ఇక ఉభయ సైన్యముల బలాబలములు. ఒక్కొక్క పక్షమున ఏడెనిమిది వేలమంది యుండవచ్చునని పలువురు పండితుల అంచనా. నిశ్చయముగా చెప్పుట కాధారములు లేవు. హెరాల్డు సైన్యమునకు వెన్నెముక హౌస్‌కార్లులు. వీరు రాజునకును ప్రభువులకును అంగరక్షకులు, జీతము గొని ఎల్లకాలము ఆయుధము పట్టువారు. మోకాళ్ల వరకు వ్రేలాడు ఇనుపకడియముల కవచము, ముక్కుపై పట్టీ గల శిరస్త్రాణము, పొడవైన డాలు, రెండు చేతులతో త్రిప్పు గండ్రగొడ్డలి వీరి సామగ్రి. ఆ గొడ్డలి దెబ్బకు గుఱ్ఱమును రౌతును ఒక్కసారిగా కూలెడివారని ప్రతీతి. వీరి ప్రక్కన థెయిన్లను గ్రామనాయకులు, వారి వెనుక ఈటెలతో, చిన్న గొడ్డళ్లతో వచ్చిన ప్రజాసైన్యము. వీరిలో గుఱ్ఱములు గలవారు లేకపోలేదు. కాని సాక్సనుల ఆచారము ప్రకారము రణభూమి వరకు స్వారి చేసి, దిగి, నేలపై నిలిచి పోరాడెడివారు. రాజు గూడ అట్లే. ధానుష్కులు మిక్కిలి తక్కువ. బేయూ పటములో సాక్సనుల వైపు విల్లు పట్టినవాడు ఒక్కడే కనబడును.

నార్మను సైన్యము మూడు అంగముల సైన్యము: విలుకాండ్రు, కవచములు తొడిగిన పదాతులు, అశ్వికులు. అందఱును నార్మనులని తలంపరాదు. ఎడమ ప్రక్క బ్రిటనీ వారు, కుడి ప్రక్క ఫ్రెంచివారును ఫ్లాండర్సు వారును, నడుమ విలియము స్వంత నార్మనులు. కొల్లసొమ్మునకును భూములకును ఆశపడి వచ్చినవారు కొందఱు. పోపు పంపిన పతాకము చూచి ఇది ధర్మయుద్ధమని వచ్చినవారు కొందఱు. ఈ కలగూరగంపను నెలల తరబడి రేవులో కూర్చుండబెట్టి, తిండి పెట్టి, చెదరిపోకుండ నిలుపుకొనుట విలియముయొక్క మొదటి విజయము. అతని రౌతులు ఎత్తైన జీనులపై, అంకవన్నెలలో కాళ్లు బిగించి కూర్చుండెడివారు. ఈటెను చంకలో ఇఱికించుకొని గుఱ్ఱపు వేగమంతయు దానిమీద పెట్టి పొడుచుట అప్పటికి ఇంకను అందఱికి అలవడలేదు. పటములో పెక్కుమంది ఈటెను తలపైకెత్తి పొడుచుటయో, విసరుటయో చేయుచున్నారు. ఇది గమనింపదగిన విషయము. ఏలనన విసరుటకు వచ్చినవాడు డాళ్ల గోడను ఢీకొనలేడు.

ఆ డాళ్ల గోడయే సాక్సనుల వ్యూహమంతయు. కొండనెత్తమున సుమారు అరమైలు పొడవున, ఒకని డాలు అంచుపై మఱొకని డాలు పడునట్లు ఒత్తుగా నిలిచిరి. చచ్చినవాడు క్రింద పడుటకైన చోటు లేనంత దట్టముగా నుండిరని విలియము ఆస్థానమందలి మతాచార్యుడే వ్రాసెను. ఎదుట వాలు, దాని పాదమున తడినేల. కుడియెడమల లోయలును పొదలును ఉండుటచే ప్రక్కలనుండి చుట్టుముట్టుట కష్టము. నడుమ రెండు టెక్కెములు: వెస్సెక్సు డ్రాగను, హెరాల్డు స్వంతమైన వీరభటుని జెండా. చోటు ఇఱుకగుటచే కొందఱు వరుసనుండి తప్పుకొనిరని గూడ ఒక మాట కలదు. గుఱ్ఱము ఎంత శిక్షితమైనను ఈటెమొనలు తేలిన గోడపైకి తనంతట తాను దూకదు. కావున గోడ చెదరనంతవరకు అశ్వికబలమునకు పని లేదు. విలియమునకు గల చిక్కు ఇదియే. హెరాల్డుకు గల చిక్కు వేఱొకటి: గోడ నిలిచియున్నంతవరకు ఓటమి లేదు, కాని కదలకుండ గెలుపును లేదు.

శనివారము, అక్టోబరు 14. మొదట విలుకాండ్రు కొండ క్రిందినుండి బాణములు వేసిరి. ఎగువకు వేసిన బాణములు డాళ్లకు తగిలెను, లేదా తలలమీదుగా పోయెను. ఎదుటివారిలో విలుకాండ్రు లేకపోవుటచే తిరిగివచ్చు బాణములును లేవు, అంబులపొదులు వట్టివయ్యెను. పదాతులు ఎక్కిరి, రాళ్లు, ఈటెలు, గొడ్డళ్లు వారి కెదురయ్యెను. పిదప రౌతులు ఎక్కిరి. గోడ చెక్కుచెదరలేదు. ఎడమనున్న బ్రిటనీ వారు వెనుదిరిగిరి. వారిని చూచి నడుమవారును వెనుకకు జరిగిరి. విలియము చచ్చెనను వదంతి పుట్టెను. ఆ క్షణమున ఇంగ్లండు చరిత్ర వేఱొక త్రోవ పట్టుటకు అడ్డమైనది ఒక్క మనుష్యుని ముఖము. విలియము శిరస్త్రాణము పైకెత్తి, తన మొగము చూపుచు, పాఱిపోవువారి కెదురుగా గుఱ్ఱమును నడపెను. అతని సవతి సోదరుడు, బేయూ బిషప్పు ఓడో, చేత దుడ్డుకఱ్ఱ పట్టి కుఱ్ఱవాండ్రను హెచ్చరించుచుండుట పటములో చూడవచ్చును.

ఇంతలో కొండపైనుండి కొందఱు సాక్సనులు పాఱిపోవు బ్రిటనీ వారిని తఱుముచు క్రిందికి దిగిరి. గోడ వెలుపలికి వచ్చిన పదాతి గుఱ్ఱపువానికి ఆహారమే. తిరిగిన రౌతులు వారిని చుట్టుముట్టి నఱికిరి. ఇది హెరాల్డు ఆజ్ఞయా, వారి ఆవేశమా? ఎదురుదాడికి అతడు నిజముగా పూనుకొనియుండినచో అప్పుడే సైన్యమంతటితో దిగవలసినది. సగము దిగి సగము నిలుచుట ఆజ్ఞ లేని పని వలె కనబడును. హెరాల్డు సోదరులు గిర్తు, లియోఫ్విను హెరాల్డు కంటె ముందే కూలినట్లు పటము చూపుచున్నది. వరుసయొక్క రెండు కొనలను పట్టి నిలుపగల పెద్దలు వారే.

తరువాత నార్మనులు రెండుమాఱులు పాఱిపోయినట్లు నటించి సాక్సనులను క్రిందికి లాగిరని చెప్పుదురు. నిజపు పలాయనమును కప్పిపుచ్చుటకు ఇట్లు వ్రాసిరనియు, వేలకొలది గుఱ్ఱములు అట్లు నటించుట అసాధ్యమనియు కొందఱి వాదము. వేలమంది కలిసి నటించుట కష్టమే. కాని నార్మను రౌతులు చిన్నచిన్న జట్లుగా, ఒకే నాయకుని జెండా క్రింద, ఏండ్ల తరబడి కలిసి శిక్షణ పొందినవారు. 1053లో ఆర్కు వద్ద ఫ్రెంచివారిని ఈ ఉపాయముతోనే పొంచియున్నవారి మధ్యకు లాగిరి. ఒక జట్టు పాఱి, మఱొక జట్టు ప్రక్కనుండి పడుట వారికి క్రొత్త కాదు. ఉదయము నిజముగా పాఱినపుడు ఏమి జరిగెనో చూచిన విలియము మధ్యాహ్నము దానినే కావలెనని చేయించెననుట నాకు సహజముగనే తోచుచున్నది. అయినను దానితో గోడ కూలలేదు. పలుచబడెను. ముందువరుసలో కవచము గల హౌస్‌కార్లు పడినచోట వెనుకనున్న రైతు, కవచము లేనివాడు, వచ్చి నిలువవలసివచ్చెను.

విలియము క్రింద మూడు గుఱ్ఱములు చచ్చినవట. సూర్యుడు వాలుచుండెను. చీకటి పడినచో సాక్సనులు నిలిచినట్లే. వెనుకనుండి వారికి క్రొత్తవారు వచ్చి చేరుదురు. విలియము వెనుక సముద్రము తప్ప ఏమియు లేదు. అపుడతడు మూడంగములను ఒక్కసారిగా ప్రయోగించెను. విలుకాండ్రు బాణములను పైకెత్తి వేయగా అవి వానవలె తలలపై పడినవని వేసు కవి చెప్పుచున్నాడు. బాణమునకు డాలు పైకెత్తినవాని పొట్ట ఈటెకు తెఱపియగును. ఈటెకు డాలు దించినవాని ముఖము బాణమునకు తెఱపియగును. అలసిన, పలుచబడిన వరుసలో ఇక సందులు పడెను. సందు పడినచోట గుఱ్ఱము దూఱెను.

హెరాల్డు కంటి బాణమును గూర్చి కొంచెము చెప్పవలెను. పటములో రాజు చంపబడెనను అక్షరముల క్రింద ఇద్దఱు కలరు: ఒకడు కంటి దగ్గఱ బాణమును పట్టుకొనియున్నాడు, రెండవవాడు గుఱ్ఱపువాని కత్తికి కూలుచున్నాడు. ఇద్దఱును హెరాల్డేనా, రెండవవాడేనా యని వాదము. ఆ పటమును 19వ శతాబ్దమున బాగుచేసినపుడు కొన్ని కుట్లు క్రొత్తగా పడినవి. 1729లో గీసిన ప్రతిలో ఆ బాణము బాణము వలె గాక చేత ఎత్తిన ఈటె వలె నున్నది. నలుగురు వీరులు కలిసి అతనిని నఱికిరని ఆ కాలమునకు దగ్గఱి లాటిను కావ్యమొకటి చెప్పుచున్నది. ఏదైనను, టెక్కెము క్రింద, తన వారి నడుమ, నేలమీద నిలిచియే చచ్చెను. దేహము గుర్తింపరాని స్థితిలో నుండగా, అతని ప్రియురాలు ఎడితు తనకు మాత్రమే తెలిసిన గుర్తులను బట్టి ఆనవాలు పట్టెనని వాల్తాము మఠమువారి ఐతిహ్యము.

కావున గుఱ్ఱము పదాతిని గెలిచెననుట సరికాదు. ఒంటరిగా వెళ్లినప్పుడెల్ల గుఱ్ఱము కొండ దిగి వచ్చెను. పోరాడు తీరును మార్చుటకు విలియము చేతిలో మూడు సాధనము లుండెను. హెరాల్డు చేతిలో ఒక్కటియే, అది నిలుచుట. విలియము గుఱ్ఱముపై అటునిటు తిరుగుచు చెదరినచోటికెల్ల పోగలిగెను. హెరాల్డు పదాతియై ఒక్కచోట నిలిచినందున కుడికొననున్నవారు దిగుచుండగా ఆపలేకపోయెను. తానును తమ్ములును ఒకే వరుసలో పోరాడుటచే ముగ్గురును ఒకే దినమున పోయిరి. మిగిలినవారిని కూడగట్టుటకు నాయకుడు లేకపోయెను. డిసెంబరు 25న వెస్టుమినిస్టరు దేవాలయమున విలియమునకు పట్టాభిషేకమయ్యెను.

సాక్సను ప్రభువుల భూములు ఇరువదియేండ్లలో దాదాపు అన్నియు క్రొత్తవారి చేతులలోనికి పోయెను. ఆ క్రొత్తవారి భాష ఫ్రెంచి. మన ఊళ్లలో చదువురానివారు సైతము పలుకు కోర్టు, జడ్జి, జ్యూరీ, పార్లమెంటు అను మాటలు ఇంగ్లీషు మాటలని మన మనుకొందుము. అవి ఆ ఫ్రెంచి దొరల నోటినుండి ఇంగ్లీషులోనికి, ఇంగ్లీషునుండి మన తెలుగులోనికి వచ్చినవి.

హెరాల్డు కూలినదని చెప్పు చోటనే విలియము మఠము కట్టించి, ప్రధాన వేదికను అచ్చటనే నిలిపెను. ఆ యూరి పేరు నేటికిని బ్యాటిలు, అనగా యుద్ధము. పోపు పతాకము పట్టి వచ్చినవారే యైనను చర్చి వారిని ఊరక విడువలేదు. కొలది యేండ్లలోనే పోపు ప్రతినిధి సమ్మతితో నార్మండీ బిషప్పులు ఆ యుద్ధమున పాల్గొన్నవారికి ప్రాయశ్చిత్తములు విధించిరి. ఒకనిని చంపితినని ఎఱిగినవాడు చంపిన ప్రతిమనుష్యునకు ఒక సంవత్సరము ప్రాయశ్చిత్తము చేయవలెను. కొట్టితిని గాని చచ్చెనో లేదో తెలియదన్నవాడు ఒక్కొక్కనికి 40 దినములు చేయవలెను. దూరమునుండి బాణములు వేసి, ఎవరు పడిరో, ఎందఱు పడిరో ఎఱుగని విలుకాండ్రకు మాత్రము లెక్క కుదరలేదు. వారికి మూడు నలువది దినముల ఉపవాసములు విధించిరి.